ఒడ్డున పడ్డ ఏడు డబ్బాలు

మెస్‌లో పూటకు ఎన్ని బియ్యం పొయ్యాలో నేను చెప్పులను బట్టి తేల్చేవాణ్ణి. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్టాండు వెనక గల్లీలో మూడంతస్తుల మగపిల్లల హాస్టల్ అది. అందరూ కోచింగ్ కోసం వచ్చినవాళ్లే. మెట్ల కింద చెప్పులు విడిచి పైకి పోవాలన్నది నియమం. పొద్దున పదకొండుకు మెట్ల దగ్గర నిలబడి జతలు లెక్కపెడితే, పైన ఎంతమంది ఉన్నారో ఎవరినీ అడగకుండానే తెలిసిపోయేది. ఆరు జతలకు కిలో. నేను ఇంటర్ తప్పినవాణ్ణి, లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. ఫుట్‌పాత్ మీద దొరికిన పాత పుస్తకాలతో నా అంతట నేనే నేర్చుకున్నాను. తొమ్మిదేళ్లలో అన్నం మిగిలి పారబోసిన రోజులు వేళ్ల మీద చెప్పగలను.

అయితే నా లెక్క రోజూ ఒకటి తక్కువ వచ్చేది. దానికి కారణం మూడో అంతస్తు చివరి గదిలో ఉండే ఇంగ్లిష్ సారు. కోస్తా మనిషి. యాభై దాటినా ఒంటరిగా ఉండేవాడు. పక్క వీధిలోని కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లిష్ చెప్పేవాడు. బూట్లు విప్పి ప్లాస్టిక్ సంచిలో వేసుకుని గదిలోకి పట్టుకుపోయేవాడు.

"సార్, చెప్పులు కింద విడువాలె. అందరికీ ఒకటే రూల్," అన్నాను మొదటి వారంలోనే.

"ఇవి చెప్పులు కావయ్యా, బూట్లు. పోతే నువ్విస్తావా?"

"నా లెక్క తప్పుతది సార్."

"అయితే ఒకటి కలుపుకో. ఆ మాత్రం కూడిక రాదా?"

ఆ రోజు నుంచి నా నోటుబుక్కులో ప్రతి పూటా అలాగే రాసేవాణ్ణి: జతలు అరవై ఒకటి, సారు ఒకటి. అలా రాసినప్పుడల్లా కూడిక రాదా అన్న ఆ మాట మళ్లీ వినపడేది.

మా ఇద్దరికీ ఎప్పుడూ పడలేదు. పప్పులో పులుపు తక్కువనేవాడు, పచ్చడిలో నూనె తక్కువనేవాడు. "మీ వైపు చింతపండు దొరకదా?" అని పిల్లల ముందే అడిగేవాడు. ఆయన కంచంలో ఏది ముందు అయిపోయిందో చూసి, మర్నాడు అది ఒక గరిటె తగ్గించి వడ్డించేవాణ్ణి. చిన్నతనమే, కాని చేశాను.

తెలంగాణ ఉద్యమం వచ్చాక ఆ వైరానికి ఒక పేరు దొరికింది. మెస్‌లో టీవీ పెట్టి అందరం వార్తలు చూసేవాళ్లం. హాస్టల్లో సగం మంది మా వైపు పిల్లలు, సగం మంది ఆంధ్రా పిల్లలు. బల్లలు కూడా విడిపోయాయి. కిటికీ వైపు మేము, కుళాయి వైపు వాళ్లు. ఒకరోజు మధ్యాహ్నం టీవీలో ఎవరో హైదరాబాద్ అందరిదీ అన్నారు. నేను సాంబారు బకెట్ పట్టుకుని ఉన్నాను.

"అందరిదట. బతకనీకొచ్చినోళ్లు కూడ వాటా అడుగుతున్నరు," అన్నాను కుళాయి వైపు చూస్తూ.

సారు తలెత్తలేదు. అన్నం కలుపుతూనే అన్నాడు: "బతకడానికొచ్చినవాళ్లు ఎందుకయ్యా, అలలకు కొట్టుకొచ్చినవాళ్లు అను. ఇంకా బాగుంటుంది. దానికి ఇంగ్లిష్‌లో మంచి మాట ఉంది. రెక్."

"అంటే ఓడ పగలడం కద సార్," అన్నాడొక పిల్లవాడు.

"అందరూ అలాగే అనుకుంటారు. మొదట అది కాదు. అలలు తరిమి ఒడ్డున పడేసిన సరుకు, అదీ రెక్. పగలడం, నాశనమైపోవడం తర్వాత వచ్చి చేరిన అర్థాలు. ఒడ్డు ఏ దొరదైతే ఆ సరుకు ఆ దొరది."

"అయితే ఒడ్డు మాది సార్," అన్నాను. కిటికీ వైపు బల్లలన్నీ నవ్వాయి.

"ఒడ్డు నీదా? ఏ ఊరు మీది?"

"నల్లగొండ దిక్కు."

"మరి నల్లగొండ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు నువ్వు ఏ అల మీద వచ్చావు?"

ఈసారి కుళాయి వైపు నవ్వు వచ్చింది. మా వైపు కూడా ఇద్దరు నవ్వారు. ఆ ఇద్దరి మొహాలూ నాకు ఇప్పటికీ గుర్తు. దానికి జవాబు తట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. అప్పటికి వినేవాళ్లు ఎవరూ లేరు.

ఆయన గదిలో ఏడు డబ్బాలు ఉండేవని అందరికీ తెలుసు. చెప్పుల దుకాణాల నుంచి తెచ్చిన పెద్ద అట్టపెట్టెలు. వాటి నిండా పోస్టుకార్డులో సగం ఉండే చీటీలు. ఒక్కో చీటీ మీద ఒక ఇంగ్లిష్ మాట, దాని కింద తెలుగులో అర్థం, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చీమల్లాంటి అక్షరాల్లో. పిల్లలు ఆయన్ని వెనక నుంచి 'డబ్బాల సారు' అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది నేనే.

సకల జనుల సమ్మెలో బస్సులు కూడా ఆగిపోతాయని తెలిసిన సాయంత్రం సారు ఒక సంచి పట్టుకుని కిందికి దిగాడు. కోచింగ్ సెంటర్ మూసేశారు, వాళ్ల ఊళ్లో ఏదో పని చూసుకుని నాలుగు రోజుల్లో వస్తానన్నాడు. నేను అప్పట్లో నాదర్‌గుల్ పోయే దారిలో ఇల్లు కిరాయికి తీసుకుని ఉండేవాణ్ణి, ఎల్బీనగర్ వరకు ఇద్దరిదీ ఒకటే దారి. బస్సులో పక్కపక్కనే నిలబడ్డాం. ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ బస్సుల కోసం జనం రోడ్డు మీదికి వచ్చేశారు. అక్కడ ఆయన జేబులోంచి గది తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"నువ్వంటే నాకు పడదు. నేనంటే నీకూ పడదు. కానీ లెక్కలో నువ్వు తప్పవు. ఏడు డబ్బాలు. నేను తిరిగొచ్చేసరికి ఏడూ ఉండాలి. ఇరవై రెండేళ్ల పని అది, పుస్తకం కావాలి. ఇంకో నకలు లేదు."

"ఉంటయి సార్. ఇంకొకరిది ఉంచుకునే అలవాటు మాకు లేదు. ఎవరికుందో లోకానికి ఎరుకే."

"బస్సెక్కేటప్పుడు కూడా ఈ దెప్పుడేనా?" అన్నాడు. తోసుకుని ఎక్కాడు. కిటికీలోంచి చూడలేదు. నేనూ చెయ్యి ఊపలేదు.

నాలుగు రోజులన్నవాడు రాలేదు. రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ వచ్చే వారం అన్నాడు. ఆ తర్వాత నంబరు స్విచాఫ్. సమ్మెలో పిల్లలు ఊళ్లకు పోయారు. మెట్ల కింద జతలు పద్నాలుగుకు దిగాయి. నేను మాత్రం అలవాటు కొద్దీ ఒకటి కలుపుతూనే ఉన్నాను. తొమ్మిది రోజులు వరసగా ఒక మనిషి అన్నం మిగిలింది. పదో రోజు ఆ ఒకటి కొట్టేశాను.

ఆ రోజే పైకి పోయి గది తెరిచాను. ఆయన మెస్‌లో చెప్పిన మాట నిజమో, నన్ను నలుగురిలో తక్కువ చెయ్యడానికి అల్లాడో చూడాలనిపించింది. మొదటి డబ్బాలో అన్నిటికన్నా ముందున్న చీటీయే అది. రెక్. ఐరోపా ఉత్తరాది ఓడవాళ్ల భాష నుంచి వచ్చింది, తరమడం, తోయడం అన్న మూలం, ఒడ్డుకు తోయబడినది. అంతవరకూ చెప్పింది నిజమే. కింద ఇంకా ఉంది. పాత ఇంగ్లండు చట్టం: ఓడ నుంచి మనిషి గాని కుక్క గాని పిల్లి గాని ప్రాణంతో బయటపడితే ఆ సరుకు రెక్ కాదు. ఏడాది మీద ఒక రోజు దాచాలి. సొంతదారు వచ్చి తనదని చూపితే ఇచ్చెయ్యాలి.

ఈ సగం ఆయన మెస్‌లో చెప్పలేదు. నన్ను ఒడ్డు దొరను చేసి నవ్వించడానికి మొదటి సగం చాలింది ఆయనకు.

సమ్మె ముగిశాక ఓనరు వచ్చాడు. బడంగ్‌పేట్‌లో భూములున్నాయన, మా వైపు మనిషే. "తమ్మీ, మూడో అంతస్తు గది ఖాళీ చెయ్యి. కొత్త మనిషి దొరికిండు," అన్నాడు.

"సార్ సామాను ఉంది సాబ్."

"ఏంది సామాను? కాగితాలు. పాత పేపర్లోన్ని పిలిచి ఇచ్చెయ్. గా ఆంధ్రా సారు ఇగ రాడు."

అప్పుడు నేను ఎందుకు అడ్డుపడ్డానో చాలాసార్లు ఆలోచించాను. ఆయన మీద జాలి కాదు. ఏడు ఉంటాయని చౌరస్తాలో అన్నాను. ఆరున్నా, సున్నా ఉన్నా, ఇంకొకరిది ఉంచుకునేవాళ్లు ఎవరన్న దానికి ఆయనకు జవాబు దొరికేది. ఆ జవాబు ఆయనకు ఇవ్వదలుచుకోలేదు. ఓనరుకు చీటీలోని చట్టం చెప్పాను.

"ఇంగ్లండోని కానూను నా బిల్డింగుల నడుస్తదా?"

"నడువది సాబ్. కానీ మనిషి బతికే ఉన్నడు. పిల్లి కూడ బతికే ఉంది, సూడండి." సారు గది కిటికీలో పడుకునే పిల్లి ఆయన పోయాక బియ్యం బస్తాల మీదికి మకాం మార్చింది. అప్పుడు కూడా అక్కడే ఉంది.

ఓనరు పిల్లిని చూసి పడీపడీ నవ్వాడు. "సరే, నీ బియ్యం గదిల పెట్టుకో. ఏడాది అంటే ఏడాది. ఒక్క దినం ఎక్కువైతే నేనే అగ్గి పెడ్త."

"ఏడాది మీద ఒక రోజు సాబ్."

"అదీ ఇచ్చిన, పో."

అట్టపెట్టెల అడుగులు చివికిపోయి ఉన్నాయి. ఖాళీ నూనె డబ్బాలు ఏడు కడిగి, ఎండబెట్టి, మూతలు కోసి, ఒక్కో పెట్టెలోది ఒక్కో డబ్బాలోకి మార్చాలనుకున్నాను. మార్చేముందు లెక్క ఉండాలి. రేపు ఒక్క చీటీ తగ్గిందన్నా నా దగ్గర కాగితం ఉండాలి. అందుకని మొదటి పెట్టె తీసి, చీటీలు వచ్చిన వరసలోనే మాటలను నోటుబుక్కులో ఎక్కించడం మొదలుపెట్టాను. మూడు మధ్యాహ్నాల్లో మూడు వందల పన్నెండు ఎక్కించాను.

మూడో రోజు నాకు కోపం వచ్చింది. అందులో ఒక వరస అంటూ లేదు. రెక్, రాక్, రీక్, రెచ్ అని డబ్ల్యూతో మొదలయ్యేవి నాలుగు సరిగ్గానే ఉన్నాయి. తర్వాత ఎక్సైల్. తర్వాత ఫ్లాట్సమ్. ఆ తర్వాత మ్యాన్, డాగ్, క్యాట్. ఒకటో తరగతి పిల్లల మాటలు, అంత పెద్ద చదువరి పెట్టెలో. వాటి వెనక ఇయర్, డే. ఎ బి సి డి వరస కూడా పాటించని మనిషి నాకు కూడిక రాదన్నాడు! ఇంటర్ తప్పినవాడు ఏం చెయ్యగలడో చూపిద్దామనిపించింది. ఆయన తిరిగొచ్చి ఏ మాట అడిగినా నిమిషంలో తీసి చేతిలో పెట్టాలి. అప్పుడు ఆయన ఏమంటాడో వినాలి.

మెస్ హాల్లో నేల మీద ఇరవై ఆరు స్టీలు కంచాలు పరిచాను. ఒక్కో కంచం ఒక్కో అక్షరం. పిల్లలు ఇంకా అందరూ తిరిగి రాలేదు కాబట్టి మధ్యాహ్నాలు హాలు ఖాళీగానే ఉండేది. ఏడు పెట్టెలూ ఆ కంచాల్లోకి వంపాను. తర్వాత ఒక్కో కంచంలోవి రెండో అక్షరాన్ని బట్టి, మూడో అక్షరాన్ని బట్టి సర్దాను. ఎస్ కంచం మూడుసార్లు నిండి పొర్లింది. పంతొమ్మిది మధ్యాహ్నాలు పట్టింది. మొత్తం ఎనిమిది వేల నాలుగు వందల పన్నెండు. వందేసి చీటీలకు ఒక రబ్బరు బ్యాండు: ఎనభై నాలుగు కట్టలు, పన్నెండు విడివి. ఏడు డబ్బాలు. మూతల మీద అక్షరాలు రాశాను. నా జీవితంలో అంత శుభ్రంగా చేసిన పని ఇంకోటి లేదనుకున్నాను.

ఎండలు మొదలవుతున్న రోజుల్లో ఒక పొద్దున నా లెక్క ఒకటి ఎక్కువ వచ్చింది. నలభై ఎనిమిది మంది ఉండాలి, నలభై తొమ్మిది జతలున్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. చివరి మెట్టు పక్కన నాకు తెలియని జత ఉంది, నీలం పట్టీల రబ్బరు చెప్పులు, ఒక పట్టీకి పిన్నీసు. ఎవరివో చూద్దామని పైకి పోయాను. మూడో అంతస్తు చివరి గది ముందు సారు నిలబడి ఉన్నాడు, ఉత్త కాళ్లతో. గదిలోంచి కొత్త మనిషి రేడియో వినపడుతోంది. నా లెక్క ప్రకారం ఆయన పోయి నూట అరవై మూడు రోజులు.

"నా డబ్బాలు," అన్నాడు.

"ఉన్నయి సార్. ఏడు."

ఆయన కళ్లు ఒకసారి మూసి తెరిచాడు. బియ్యం గది దాకా నా వెనకే వచ్చాడు. నడుస్తూనే చెప్పాడు: విజయవాడలో ఒక ప్రెస్ యజమాని తన పుస్తకం వేస్తానన్నాడట, ఆ నెలాఖరుకల్లా మొదటి భాగం ఇవ్వాలట. ఉద్యోగం గురించి చెప్పలేదు, నేను అడగలేదు. మొదటి డబ్బా మూత తీసి పైకట్ట చేతిలోకి తీసుకున్నాడు. ఒక చీటీ, ఇంకో చీటీ, ఇంకోటి. తర్వాత రెండో డబ్బా. తర్వాత అయిదోది.

"ఇదేంటి?"

"ఎ నుంచి జెడ్ దాకా పెట్టిన సార్. ఏ మాట కావాల్నో అడగండి."

"నిన్నెవరు పెట్టమన్నారయ్యా?"

"ఎట్ల పడితే అట్ల ఉండె. క్యాట్ ఉండాల్సిన కాడ రెక్ ఉండె."

ఆయన బియ్యం బస్తా మీద కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. "అక్షరాల వరస కావాలంటే నిఘంటువు కొనుక్కుంటే సరిపోదూ? నేను ఇరవై రెండేళ్లు ఎందుకు కూర్చున్నాననుకున్నావు? ఏ మాట ఏ మాటకు చుట్టం, ఏది దేన్ని తీసుకొచ్చింది, అదీ నా పని. చీటీ మీద రాసింది సగమే. ఏ చీటీ వెనక ఏ చీటీ ఉందన్నది మిగతా సగం."

తప్పు చేశానని నాకు తెలిసింది. కానీ ఆయన ముందు తగ్గడం నాకు అలవాటు లేదు. "రెక్, రాక్, రెచ్ అన్నీ పక్కపక్కనే ఉన్నయి సూస్కోండి," అన్నాను.

"అవి పక్కనుండటానికి కారణం అక్షరాలు. నువ్వు కాదు. మరి ఎక్సైల్ ఎక్కడ? తరిమేసినవాడే కదా రెచ్ అంటే మొదట. ఓడ పగిలాక నీళ్ల మీద తేలే ఫ్లాట్సమ్ ఎక్కడ?"

"ఇ కట్టల ఒకటి, ఎఫ్ కట్టల ఒకటి. తీసిస్త."

"తీసిస్తావు. ఎనిమిది వేలూ తీసిస్తావు. నీకు ఎన్ని అన్నది తెలుసు. ఏది అన్నది తెలీదు. బుద్ధెరిగినప్పటి నుంచీ చెప్పులు లెక్కపెట్టినవాడివి, కాళ్లు ఎవరివో ఎప్పుడైనా చూశావా?"

ఆ మాటకు మండింది. ఆయన డబ్బాలు పాత పేపర్ల బండి ఎక్కకుండా ఆపింది నేను. పంతొమ్మిది మధ్యాహ్నాలు నేల మీద కూర్చుని మోకాళ్లు పట్టేసింది నాకు. నోటుబుక్కు తెచ్చి ఆయన ముందు పెట్టాను. "లెక్క చూసుకుని సంతకం పెట్టండి సార్. ఎనిమిది వేల నాలుగు వందల పన్నెండు. రేపు తగ్గిందంటరు."

ఆయన లెక్కపెట్టలేదు. పెన్ను తీసుకున్నాడు. రాసేముందు ఆగి, మొదటిసారిగా నా మొహంలోకి చూసి అడిగాడు, తిట్టు లేకుండా: "సర్దకముందు ఎలా ఉన్నాయో ఎక్కడైనా రాసుకున్నావా? కొంచెమైనా?"

ఆ మూడు వందల పన్నెండూ అదే నోటుబుక్కులో, కొంచెం వెనక నాలుగు పేజీల నిండా ఉన్నాయి. నా బొటనవేలు ఆ పేజీల మీదే ఉంది.

"లేదు," అన్నాను.

ఆయన రాశాడు: అందినవి, లెక్క సరిపోయింది. కింద సంతకం. అంతకుముందు ఆయన నన్ను అన్న మాటలన్నీ కలిపినా ఆ రెండు ముక్కలంత గట్టిగా తగల్లేదు నాకు. ఆటో పిలిచి ఏడు డబ్బాలూ ఎక్కించాను. ఎల్బీనగర్‌కు అని ఆటోవాడికి చెప్పాడు. మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే పిన్నీసు ఊడింది, నిలబడి పెట్టుకున్నాడు. ఆ కాస్త సేపూ నోటుబుక్కు నా చంకలోనే ఉంది. చెప్పడానికి చాలినంత సమయమే. నేను చెప్పలేదు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో టపాసులు కాల్చినవాళ్లలో నేనూ ఉన్నాను, అందులో నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు. హాస్టల్ అమ్ముడుపోయింది. నేను చంపాపేట్‌లో ఇంకో మెస్ చూసుకున్నాను. ఆయన నంబరుకు మొత్తం మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఒకామె ఎత్తింది. ఆ నంబరు తనకు కొత్తగా వచ్చిందని చెప్పింది. మూడోసారి కొంచెం విసుక్కుంది. ఆయన ఊరి పేరు ఎప్పుడూ అడిగి ఉండలేదు. పుస్తకాల దుకాణాల్లో చూస్తుంటాను, అలాంటి పుస్తకం ఏదీ కనపడలేదు.

ఆ నాలుగు పేజీలు నా దగ్గరే ఉన్నాయి. ఒక పెద్ద నిఘంటువు కొన్నాను. ఒక మాట వెనక ఇంకో మాట ఎందుకు పెట్టాడో ఒక్కొక్కటే పట్టుకోవడానికి చూస్తున్నాను. మ్యాన్, డాగ్, క్యాట్, ఇయర్, డే ఎందుకో ముందుగా తెలిసింది. ఆ చట్టం ఓనరుకు చదివి చెప్పింది నేను, పిల్లిని చూపించింది నేను. అయినా నెల తిరక్కుండానే వాటిని ఒకటో తరగతి మాటలని నవ్వాను.

మూడు వందల పన్నెండులో ఇప్పటికి రెండు వందల పదిహేను తేలాయి. తొంభై ఏడు తేలలేదు. ఆయనంటే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. ఆ తొంభై ఏడూ ఆయనైతే ఒక పూటలో చెప్పేవాడు, ఒక్కోదానికి ఒక్కో తిట్టు కలిపి.